పంచవలసినది, దాచవలసినది

ధర్మకార్యమునకు పూనుకొనిన సంస్థలు రెండు ఒకే యూరిలో నున్నచో వాని నడుమ మైత్రి యుండునా, మాత్సర్య ముండునా యని యడిగిన, అనుభవజ్ఞులు వెంటనే ప్రత్యుత్తర మీయరు. ధనార్జనమునకై పుట్టిన వర్తకసంఘములు పోటీపడుట సహజము. పరోపకారమునకై పుట్టినవియు నట్లే పోటీపడుచుండుట మనము చూచుచున్నదే. దాతలు కొందఱు, అర్థించు సంస్థలు పెక్కు. తన మార్గమే శ్రేష్ఠమని చాటుకొననిచో సంస్థకు విరాళము రాదు. కావున తాను నేర్చిన యుపాయమును తనయొద్దనే యుంచుకొనవలెనను కోరిక ధర్మసంస్థకును గలుగును. ఇతరకార్యముల మాట యెట్లున్నను, శిశురక్షణమునందు ఈ దాపరికము ధర్మమేనా? ఎఱిగినదెల్ల అందఱకును పంచుటయే కర్తవ్యమా? లేక పంచరానిది కూడ నేమైన గలదా? ఈ ప్రశ్నలను చదువరులతో గలసి విచారింపవలెనని నా యుద్దేశము.

ముందుగా శిశురక్షణ మనగా నేమో తెలిసికొందము. లోకమున పెక్కుమంది దీనిని దయతో సరిపెట్టుదురు. ఆకలిగొన్న బిడ్డకు పిడికెడన్నము పెట్టుటకు దయ చాలును. కాని యింట దెబ్బలు తినుచున్న బిడ్డను, అమ్ముడుపోయిన బిడ్డను, చెప్పుకొనరాని యవమానమునకు గుఱియైన బిడ్డను, యుద్ధములోనో వఱదలోనో తల్లిదండ్రులనుండి వేఱుపడిన బిడ్డను కాపాడుటకు దయ యొక్కటియే చాలదు, విద్య కావలెను. భయపడిన పిల్లతో నెట్లు మాటాడవలెను? జవాబును మనమే నోటి కందించు ప్రశ్నల నేల యడుగరాదు? ఒకే కథను పదిమంది యెదుట పదిమాఱులు చెప్పించుట యేల క్రౌర్యమగును? తప్పిపోయిన బాలుని వారిని వెదకు క్రమ మెట్టిది? పిల్లల నడుమ పనిచేయ వచ్చినవాని పూర్వచరిత్రమును నియామకమునకు ముందే యెట్లు విచారింపవలెను? ఇవి యన్నియు వైద్యశాస్త్రమువలె నొకరినుండి యొకరు నేర్వవలసినవి. సహజముగా మంచివాడైనంతమాత్రమున నెవడును వైద్యుడు కాడు గదా.

విద్యలేని దయ యేమి చేయునో తెలుపుట కొక్క యుదాహరణము చాలును. 2010వ సంవత్సరము జనవరి నెలలో హెయిటీ దేశమున ఘోరమైన భూకంపము సంభవించెను. ఆ నెల తుదిలోనే అమెరికా దేశస్థులు పదిమంది, మతధర్మప్రేరితులై, ముప్పదిముగ్గురు పిల్లలను బస్సులో నెక్కించుకొని పొరుగునున్న డొమినికన్ గణతంత్రమునకు తరలింపబోయి సరిహద్దున నిర్బంధింపబడిరి. తాము అనాథలను కాపాడుచుంటిమని వారు చెప్పిరి. విచారింపగా ఆ పిల్లలలో పెక్కుమందికి తల్లియో తండ్రియో బ్రతికియే యున్నట్లు తేలెను. ఆ పదిమంది హృదయములను నేనిచట విమర్శింపను. ఉపద్రవసమయమున నొంటిగా గానవచ్చిన బిడ్డను తొందరపడి అనాథ యనరాదనియు, ముందుగా పేరును, ఊరును, బంధువుల గుఱుతులును వ్రాసికొని కుటుంబమును వెదకవలె ననియు, వెదకక మునుపే దేశము దాటింపరాదనియు నప్పటికి ఆఱేండ్లకు ముందే లోకమునకు తెలిసియుండెను. తెలిసినది వారియొద్దకు చేరలేదో, చేరినను వారు గణింపలేదో. ఏది యైనను, ఆ లోపమునకు మూల్యము చెల్లించినవారు పిల్లలు.

ఆ యెఱుక యెట్లు పుట్టినదో కూడ చెప్పవలెను. 1994లో రువాండా దేశమున జరిగిన నరమేధమునందును, దాని వెంట వచ్చిన వలసలయందును లక్షకు మించిన పిల్లలు తమవారినుండి వేఱుపడిరి. వారిని వెదకి చేర్చుటకు సంస్థలనేకములు వచ్చినవి. ఒక్కొక్క సంస్థ తన పట్టికను తనదిగా నుంచుకొన్నచో నేమగును? ఒక శిబిరమునందలి తల్లి పేరు ఒకరి పుస్తకమునను, వేఱొక శిబిరమునందలి బిడ్డ పేరు మఱియొకరి పుస్తకమునను నుండిపోవును. పుస్తకములు రెండును కలియనిదే తల్లిబిడ్డలు కలియరు. ఇట్టి యనుభవములు బోధింపగా, 2004 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, ఐక్యరాజ్యసమితి కాందిశీకుల శాఖ, యూనిసెఫ్, సేవ్ ది చిల్డ్రన్, వరల్డ్ విజన్, ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ యను సంస్థ లాఱును కలసి, వేఱుపడిన పిల్లలను గూర్చిన మార్గదర్శక సూత్రములను తమ యుమ్మడి పేర ప్రకటించినవి. తరువాత మఱికొన్ని సంస్థలును చేరి, ఆపత్సమయమున శిశురక్షణమునకు కనీసముగా పాటింపవలసిన ప్రమాణములను 2012లో నిరువదియాఱింటిని రచించి, 2019లో వానిని సంస్కరించి యిరువదియెనిమిదిగా వెలువరించినవి. ఇవి యే యొక్క సంస్థకును సొత్తు కావు. అంతర్జాలము గల ప్రతి గ్రామమునను నిప్పుడు వీనిని వెలలేక చదువవచ్చును.

ఈ యౌదార్యము నేటి యంత్రములు నేర్పినది కాదు. ఎగ్లాంటైన్ జెబ్ అను ఆంగ్లవనిత 1919లో, మొదటి మహాసంగ్రామము ముగిసిన వెనుక ఆకలితో మాడుచున్న శత్రుదేశముల పిల్లలకై సేవ్ ది చిల్డ్రన్ సంస్థను సోదరితో గూడి స్థాపించెను. శిశువుల హక్కులను అయిదు వాక్యములలో నిమిడ్చి యామె వ్రాసిన ప్రకటనను 1924లో నానాజాతిసమితి యంగీకరించెను. ఆమె ఆ వాక్యములను తన సంస్థకు ముద్రగా నుంచుకొనక లోకమునకు విడిచిపెట్టెను. మనదేశము 1992లో సమ్మతించిన శిశుహక్కుల ఒడంబడికకు మూలము వెదకుచు పోయినచో నా యైదు వాక్యములకడకే చేరుదుము.

ఇంతవఱకు పంచుటను గూర్చిన స్తుతి. ఇక, పంచకపోవుట వలన కలిగిన యనర్థమును, మితిలేక పంచబూనుట వలన కలిగిన యనర్థమును ఒకే దేశముయొక్క చరిత్రమున జూపెదను.

ఐవరీకోస్టులో పుట్టిన విక్టోరియా క్లింబీ యను ఎనిమిదేండ్ల బాలిక, చదువు చెప్పింతునని తీసికొనివచ్చిన బంధువురాలి యింట, లండను నగరమున హింసింపబడి 2000 ఫిబ్రవరిలో మరణించెను. ఆ బిడ్డ యెవరికిని తెలియక చనిపోలేదు. నాలుగు స్థానిక ప్రభుత్వముల సాంఘికసేవాశాఖలు, పోలీసుల శిశురక్షణ బృందములు రెండు, ఆసుపత్రులు రెండు, ఒక ధర్మసంస్థ నడపు కేంద్రము ఆమెను ఎఱుగును. లార్డ్ లామింగ్ గారు జరిపిన విచారణయొక్క నివేదిక 2003లో వెలువడినది. ఆమెను రక్షించుటకు పండ్రెండు సందర్భములు కలిగి, పండ్రెండును జాఱిపోయినవని అందు గలదు. ఒకరు చూచిన గాయము వేఱొకరి శంకతో గలియలేదు. వైద్యుడు పోలీసును, పోలీసు సాంఘికసేవకుని, సాంఘికసేవకుడు వైద్యుని నమ్మి యూరకుండిరి. ఎఱుక తునుకలై పదిచోట్ల పడియుండెను. ఏ తునుకయు నొక్కటిగా బిడ్డను రక్షింపజాలకపోయెను.

దేశమంతయు తల్లడిల్లినది. 2004లో శాసనము పుట్టినది. ఇంగ్లాండునందలి పిల్లలందఱి పేర్లను, అనగా నొక కోటి పదిలక్షలమంది పేరు, చిరునామా, జన్మదినము, బడి, వైద్యుడు మున్నగు వివరములను ఒకేచోట జేర్చు కాంటాక్ట్ పాయింట్ అను మహాపట్టిక 2009లో ప్రారంభమైనది. మూడు లక్షలకు మించిన యుద్యోగులకు దానిని జూచు నధికార మీయవలెనని తలచిరి. అప్పుడు వేఱొక భయము పుట్టినది. మూడు లక్షలమంది తెఱవదగిన తలుపు తలుపేనా? క్రూరుడైన భర్తను విడిచి పిల్లలతో దాగియున్న తల్లి చిరునామా యెవనిచేత బడునో? ఆపదలేని కోటిమంది పిల్లలను పట్టికకెక్కించుట యేల? తుదకు 2010 ఆగస్టులో నూతన ప్రభుత్వము దానిని మూసివేసెను. ఒక్క బిడ్డను గూర్చి తగినవారు మాటాడుకొనకపోవుట మొదటి యనర్థము. పిల్లలందఱిని గూర్చి సంబంధము లేనివారును తెలిసికొనగలుగుట రెండవ యనర్థము. మొదటిదానికి భయపడి రెండవదానిలో పడరాదు.

దీనినిబట్టి చూడగా, పంచుట దాచుట యను ప్రశ్నకు ఒకే జవాబు లేకుండుటకు కారణము స్పష్టమగుచున్నది. సంస్థయొద్ద రెండు విధములైన యెఱుకలు గలవు. ఒకటి ఉపాయము: ఎట్లు రక్షింపవలెను అనునది. రెండవది వృత్తాంతము: ఈ బిడ్డకేమి జరిగినది అనునది. ఉపాయము సంస్థ తన యనుభవమున నార్జించినది. కాని యా యనుభవము పిల్లల బాధనుండి పుట్టినది గనుక సంస్థ దానికి ధర్మకర్తయే గాని యజమాని కాదు. వృత్తాంతమో, అది బిడ్డది. సంస్థ దానిని కుదువసొమ్మువలె దాచియుంచవలసినదే గాని, తన యిచ్చకొలది వాడుకొనరాదు.

తిరుక్కోట్టియూరు గోపురముపై భగవద్రామానుజులు చేసిన సాహసము మన యిండ్ల నందఱెఱిగినదే. గురువు రహస్యముగా నుపదేశించిన మంత్రమును, ఎవరికి చెప్పినను నరకము తప్పదని తెలిసియు, ఆయన గోపురమెక్కి జనులందఱకును వినిపించెనని ఐతిహ్యము. పదిమంది తరింతురేని తానొక్కడు నరకమున కేగుట మేలని యాయన తలపు. ఆయన చాటినది తరణోపాయమును. తన్నాశ్రయించినవారు చెవిలో జెప్పుకొనిన దుఃఖములను గోపురమెక్కి చాటెనని యెవరును చెప్పలేదు. ఉపాయమును చాటువానిని ఆచార్యుడందుము. వృత్తాంతమును చాటువానిని కొండెగాడందుము. ఈ భేదమును మన సామాన్యజనులు ఎన్నడో గుర్తించిరి.

ఇట్లుండగా లోకమున జరుగుచున్న దేమి? తలక్రిందైన వ్యవహారము. ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చు పాఠములు, పిల్లలతో మాటాడు పద్ధతులు, పనివారి నియామక నియమములు, తాము చేసిన పనులలో ఫలింపనివాని వివరములు సంస్థల బీరువాలలో భద్రముగా నుండును. బిడ్డ ముఖము మాత్రము గోడపత్రికపై నుండును. ఎవడు తండ్రిలేనివాడో, ఎవతె యే వీధినుండి తేబడినదో, విరాళపు అభ్యర్థనలో వర్ణింపబడును. దాచవలసినది చాటుచున్నాము, చాటవలసినది దాచుచున్నాము. ఉపాయమును దాచుట గౌరవమునకై; వృత్తాంతమును చాటుట ధనమునకై. రెంటియందును బిడ్డ ప్రయోజనము వెనుకబడుచున్నది.

నేనెఱిగిన యొక పట్టణమున ఉదారులు కొందఱు సభ చేసి, తల్లిదండ్రులు లేని పిల్లలకు బట్టలును పుస్తకములును పంచిరి. ఒక్కొక్క బాలుని వేదికపైకి బిలిచి, వాని తండ్రి యే వ్యాధితో పోయెనో, తల్లి యెట్లు విడిచివెళ్లెనో మైకులో చదివిరి. ఆ బాలురలో నొకనికి ఆ సంగతి తోటివారికి తెలియదను ధైర్యముండెను. మఱునాటినుండి తరగతిలో వానిని పేరుతో పిలుచుట మానిరి. కొన్నాళ్లకు వాడు బడికే రాలేదు. దాతలు చెడ్డవారు కారు. వారు వానికిచ్చిన వస్త్రముకంటె వానినుండి తీసికొన్నది విలువైనదని వారికి తోచలేదు.

మన శాసనములు ఈ భేదమును గుర్తించినవి. 2012లో పుట్టిన పోక్సో చట్టము ఒకవైపున, శిశువుపై లైంగికనేరము జరిగినదని యెఱిగినవాడు, జరుగునని శంకించినవాడు పోలీసులకు తెలుపితీరవలెననుచున్నది. మఱియొకవైపున బాధితశిశువు పేరు, చిరునామా, ఛాయాచిత్రము, కుటుంబము, బడి, పరిసరములు పత్రికలలో ప్రకటింపరాదని నిషేధించుచున్నది. వాఙ్మూలము తీసికొనవచ్చు పోలీసు అధికారి సాధ్యమైనంతవఱకు స్త్రీ కావలెననియు, పోలీసుదుస్తులలో రారాదనియు, బిడ్డను సాక్ష్యమునకై మాటిమాటికి న్యాయస్థానమునకు పిలువరాదనియు విధించుచున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టమునందును గుర్తింపును వెల్లడింపరాదను నియమము గలదు. తగినవానికి తప్పక చెప్పుము, తగనివానికి చెప్పకుము: వీని సారాంశ మింతియే.

కలసి పనిచేయుటకు మనదేశమునందే మేలైన నిదర్శనములు గలవు. 1098 అను టెలిఫోను సంఖ్య 1996లో బొంబాయిలో, టాటా సాంఘికశాస్త్ర విద్యాసంస్థయొక్క క్షేత్రకార్యముగా నారంభమైనది. ఆపదలోనున్న బిడ్డ యే సంస్థను పిలువవలెనో యెఱుగదు. సంస్థలే కలసి యొక్క సంఖ్యకు పలుకవలెనని దాని తత్త్వము. క్రమముగా పట్టణము వెంట పట్టణము, సంస్థ వెంట సంస్థ దానిలో జేరినవి. 2023లో ప్రభుత్వములు దాని నిర్వాహమును స్వీకరించినను సంఖ్య యదియే. ఇట్టి సహాయవాణులను దేశదేశములలో నొక్కటిగా గూర్చు అంతర్జాతీయసంఘము కూడ 2003లో నేర్పడినది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హాగారి నాయకత్వమున మామిడిపూడి వెంకటరంగయ్య ప్రతిష్ఠానము, పనులకు పోవు పిల్లలను విడిపించి, వయస్సునకు దగిన తరగతిలో జేర్చుటకు శిబిరములలో సిద్ధపఱచు పద్ధతిని నడపినది. ఆ పద్ధతిని ఇతర రాష్ట్రములవారికిని బోధించినది. నేర్పినందున దాని గౌరవము తఱిగినదా? 2003లో శాంతా సిన్హాగారికి రామన్ మెగసెసే బహుమానము వచ్చినది; 2007లో జాతీయ బాలలహక్కుల రక్షణసంఘమునకు ఆమెయే ప్రథమాధ్యక్షురాలైనది.

ఇచట రెండు ఆక్షేపణములు వినవచ్చును. ఉపాయమును బహిరంగము చేసినచో దుర్మార్గులును దానిని నేర్చికొని తప్పించుకొందురు గదా యని మొదటిది. దొంగ తాళమును గూర్చి మనకంటె ముందే చదివియుండును. శిశువులను పీడించువాని బలము రహస్యవిద్యలో లేదు; బిడ్డ యెఱుగమిలోను, పెద్దల మౌనములోను గలదు. చెప్పిన నెవరును నమ్మరని వాడు బిడ్డకు నేర్పును. నమ్మి వినువారు పదిమంది యున్నారని బిడ్డకు తెలియుటతోనే వాని బలము సగము నశించును. కావున నెఱుక వ్యాపించుటవలన దుర్మార్గునికి లాభముకంటె నష్టమే హెచ్చు.

రెండవ యాక్షేపణము బరువైనది. భారము పదిమందికి పంచినచో నెవరిదియు గాకుండ పోవును గదా? లండనులో జరిగినది ఇదియే గదా? నిజమే. ఎఱుకను పంచుకొనవచ్చును గాని పూచీని పంచి పలుచన చేయరాదు. సంస్థలు పది కలసినను, ఈ బిడ్డ విషయమున అడుగవలసినవా డొక్కడు, పేరుతో సహా, ఏర్పడియుండవలెను. ఇతరులు తామెఱిగినది వానికి తెలుపుటయే గాక, వాడేమి చేసెనని మరల నడుగవలెను. కాగితము పంపితిని, నా పని తీఱినది అనుకొన్నవాడు సహకరింపలేదు, భారము దింపుకొన్నాడు. కాగితములన్నియు కదలిన వెనుకగూడ నెవరో యొకరు వెళ్లి బిడ్డను కన్నులార చూచి, ఒంటిగా నుంచి, ఎట్లున్నావని యడుగనిదే రక్షణము జరిగినట్లు కాదు. యంత్రము ఆ పని చేయజాలదు.

ఈ విచారణ సంస్థలకే గాని మనకు గాదని చదువరులు తలపకుందురుగాక. ప్రతి గృహమును ఒక చిన్న సంస్థయే. మన యిండ్లలోను ఇదే తాఱుమాఱు జరుగుచున్నది. తన దేహమునందు ఎవరును తాకరాని తావులు గలవని, పెద్దవాడైనను తగనిపని చేసినచో అమ్మతో చెప్పవచ్చునని ఆడపిల్లకును మగపిల్లవానికిని చెప్పవలసిన ఉపాయమును సిగ్గుపేర దాచెదము. పొరుగింటి బిడ్డకు కలిగిన అవమానమును మాత్రము పేరంటములో చెవులు కొఱుకుకొందుము. వినుటకును చెప్పుటకును సిగ్గుపడవలసినది ఈ రెండవదానికి. అనుమానము గలిగినచో పేరంటమునకు పోనక్కఱలేదు. 1098 సంఖ్యకు చెప్పవచ్చును, ఠాణాకు పోవచ్చును. అటుపిమ్మట నోరు మూసికొనుటయు ధర్మమే.

తమ పనిని గూర్చి నిజముగా తెలిసికొనగోరు సంస్థలు సంవత్సరాంతమున ఈ రెండు ప్రశ్నలు వేసికొనుగాక: మేమీయేట నేర్చినదానిలో ఇతరులకు నేర్పిన దెంత? మాకు నమ్మి చెప్పిన పిల్లల కథలలో, వారికి మేలు చేయుటకుగాక మా మేలునకై బయటపెట్టిన వెన్ని? మొదటి లెక్క పెద్దదియు రెండవ లెక్క శూన్యమును అయిన సంస్థకు విరాళ మిచ్చుట పుణ్యము. దాతలమైన మనము ఛాయాపటములను జూచి కాక, ఈ లెక్కలను అడిగి యిచ్చుట నేర్చిననాడు సంస్థలును మాఱును. అడుగుట మనచేతిలోని పని.